పేరు నిలబెట్టుకోమని మాకు చెప్పే పెద్దలకు

ఉద్యోగుల గురించి అభిప్రాయం చెప్పే అధికారం చేతిలో ఉన్న మేనేజర్లకు, మానవ వనరుల విభాగాల అధిపతులకు, వృత్తి సలహాదారులకు,

నమస్కారం.

కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్లను కూర్చోబెట్టి మీరు చెప్పే మాటలు నాకు దాదాపు కంఠస్థం. మీ పేరు మీ చేతుల్లోనే ఉంది. సమయానికి రండి. మెయిల్‌కు వెంటనే జవాబివ్వండి. లింక్డ్‌ఇన్‌లో ప్రొఫైల్ తాజాగా ఉంచుకోండి. మీరు చేసే పని నలుగురి కంటా పడేలా చూసుకోండి. పాత సంస్థతో తగువు పెట్టుకుని బయటికి రాకండి. ఇందులో తప్పుపట్టవలసింది ఏమీ లేదు. అయినా ఈ ప్రసంగం విన్న ప్రతిసారీ నాకు ఒక అనుమానం వస్తుంది. పేరు నిజంగా వాళ్ల చేతుల్లోనే ఉంటే, వాళ్లు లేని గదిలో కూర్చుని వాళ్ల గురించి మనం అంతంతసేపు మాట్లాడుకోవలసిన అవసరం ఎందుకు వస్తోంది?

మనం అంటున్నాను, ఎందుకంటే ఆ గదుల్లో నేనూ చాలాకాలంగా కూర్చుంటున్నాను. ఉద్యోగి పేరులో తన పనితో తాను సంపాదించుకునే వాటా కొంత ఉంటుంది. మిగతాదంతా పైవాళ్ల నోటి మీద ఆధారపడి ఉంటుంది. మొదటి వాటా గురించి సలహాలు కుప్పలుతెప్పలుగా ఉన్నాయి. రెండో వాటా గురించి మీకు చెప్పేవాళ్లు ఎవరూ లేరు, దానికి శిక్షణ తరగతులూ లేవు. ఆ కాస్త చెప్పాలనే ఈ లేఖ.

ముందు ఫోను సంగతి. ఒక సంస్థ ఒకరిని ఉద్యోగంలోకి తీసుకోవాలనుకుంది. ఇంటర్వ్యూలు ముగిశాయి, జీతం మాటలు కూడా ఒక కొలిక్కి వచ్చాయి. తన గురించి అడగమని అభ్యర్థి ఇచ్చిన పేర్లను, అంటే రిఫరెన్సులను, పక్కన పెట్టి, నియామకం చూసే మేనేజరు తనకు తెలిసిన ఒకరికి ఫోను చేస్తాడు. ‘మీ దగ్గర పనిచేసిన ఫలానా ఆవిడ మా దగ్గరికి వస్తోంది. ఎలాంటి మనిషి? అధికారికంగా కాదులెండి, ఊరికే అడుగుతున్నాను.’ అవతల క్షణం మౌనం. ‘పని బాగానే చేస్తుంది...’ అని ఆగుతారు. ‘కానీ...’ అని మళ్లీ ఆగుతారు. ‘అబ్బే, ఏమీ లేదు. కొంచెం చూసుకోండి, అంతే.’

సంభాషణ అయిపోయింది. రెండు నిమిషాలు కూడా పట్టలేదు. అందులో అబద్ధం ఒక్కటీ లేదు, విషయం ఉంటే కదా అబద్ధం ఉండటానికి. ‘కానీ’ తర్వాత రావలసిన వాక్యాన్ని వినేవాడే తన భయాన్ని బట్టి పూరించుకుంటాడు. గొడవలంటే భయపడేవాడు గొడవలమనిషి అనుకుంటాడు. మనుషులు మధ్యలో వదిలేసి పోతే ఇబ్బందిపడ్డవాడు నిలకడలేని మనిషి అనుకుంటాడు. మర్నాడు ఆమెకు మెయిల్ వెళుతుంది: మీ అర్హతలు మమ్మల్ని ఆకట్టుకున్నాయి, అయితే ప్రస్తుతానికి వేరొకరిని ఎంచుకున్నాం. ఇంటర్వ్యూలో ఏం తప్పు మాట్లాడానా అని ఆమె రోజుల తరబడి తల బద్దలుకొట్టుకుంటుంది. చివరికి మీలో ఎవరి దగ్గరికో సలహాకు వస్తుంది. మీరు ఆత్మవిశ్వాసం పెంచుకోమని చెప్పి పంపిస్తారు.

ఒక్క మాటకు అంత బలమా అని మీరు అనవచ్చు. సాలమన్ ఆష్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1946లో ప్రచురించిన ప్రయోగం ఒకటి ఉంది. ఒక మనిషి గుణాలంటూ కొందరికి ఏడు మాటలు చదివి వినిపించారు: తెలివైనవాడు, నేర్పరి, కష్టపడేవాడు, ఆప్యాయత గలవాడు, పట్టుదల గలవాడు, వ్యవహారం తెలిసినవాడు, జాగ్రత్తపరుడు. ఇంకో బృందానికి ఇదే జాబితా చదివారు, ఆప్యాయత ఉన్న చోట మాత్రం ముభావం చేర్చారు. తర్వాత ఆ మనిషి ఉదారుడేనా అని అడిగితే, మొదటి బృందంలో దాదాపు తొంభై శాతం మంది అవునన్నారు. రెండో బృందంలో అలా అన్నవాళ్లు పది శాతం లోపే. మిగిలిన ఆరు మాటలూ ఉన్నవి ఉన్నట్టే ఉన్నాయి. అదే స్థానంలో మర్యాదస్తుడు, ముక్కుసూటి మనిషి అనే మాటలు మార్చి చూస్తే తేడా అంతగా రాలేదు. అంటే మాటలన్నీ ఒక్క బరువువి కావు. కొన్ని మాటలు పక్కనున్న మాటల అర్థాన్నే మార్చేస్తాయి. కార్యాలయాల్లో అలాంటివి ఏవో మీకు తెలుసు: యాటిట్యూడ్ సమస్య, టీమ్‌లో కలవడు, కాస్త కష్టమైన మనిషి. వీటిలో ఒకటి చెవిన పడ్డాక కష్టపడేవాడు అన్న మాట కూడా మొండివాడు అన్నట్టే వినిపిస్తుంది.

‘నాకు అనిపించింది చెప్పాను, దురుద్దేశం ఏమీ లేదు’ అన్నది మీ తరఫు జవాబు. ఇలాంటి జవాబే ఇంగ్లండులో ఒక దావాలో పరీక్షకు నిలబడింది. స్ప్రింగ్ అనే వ్యక్తి బీమా పాలసీలు అమ్మే ఉద్యోగం పోయాక ఇంకో బీమా సంస్థలో చేరబోయాడు. పాత చోటి నుంచి వెళ్లిన రిఫరెన్సులో, అంటే అభిప్రాయ పత్రంలో, ఆయన నిజాయితీని నమ్మలేమన్న అర్థం వచ్చేలా రాశారు. ఉద్యోగం రాలేదు. ఆ కాగితం ఆయన వృత్తి జీవితానికి మృత్యుచుంబనం అని విచారణ జరిపిన జడ్జి అన్నారు. రాసినవాళ్లకు ద్వేషం ఉందని రుజువు కాలేదు, అందుకని పరువునష్టం చట్టం ఆయనకు పనికిరాలేదు. కానీ వాళ్లు సరిగా విచారించకుండా రాశారని తేలింది. 1994లో, అప్పట్లో అక్కడి అత్యున్నత న్యాయస్థానమైన హౌస్ ఆఫ్ లార్డ్స్ ఏమన్నదంటే, రిఫరెన్సు ఇచ్చే యజమాని ఎవరి గురించి ఇస్తున్నాడో ఆ ఉద్యోగి పట్ల కూడా జాగ్రత్త వహించాలి, అశ్రద్ధ వల్ల నష్టం జరిగితే దానికి బాధ్యుడవుతాడు. స్ప్రింగ్ వర్సెస్ గార్డియన్ అస్యూరెన్స్ అనే ఈ తీర్పులో నాకు ముఖ్యంగా కనిపించేది ఇదే: ద్వేషం లేకపోవడం ఒక్కటే సరిపోదు, కనుక్కుని చెప్పాలి.

ఇలాంటి తీర్పుల భయంతో చాలా సంస్థలు తెలివైన పని ఒకటి చేశాయి. ఎవరు అడిగినా చేరిన తేదీ, వెళ్లిన తేదీ, హోదా తప్ప ఏమీ చెప్పకూడదని నియమం పెట్టుకున్నాయి. కాగితం శుభ్రంగా తయారైంది. మాట మాత్రం ఆగలేదు, మానవ వనరుల విభాగం టేబుల్ మీది నుంచి మేనేజర్ల సొంత ఫోనుల్లోకి వెళ్లింది. కాగితం మీద ఉన్నప్పుడు కనీసం సంతకం ఉండేది.

జర్మనీలో ఇంకో దారి పట్టారు. ఉద్యోగం వదిలి వెళ్లేవాళ్లు రాతపూర్వక సర్టిఫికెట్ అడిగి తీసుకోవచ్చు, అది వాళ్ల చట్టబద్ధమైన హక్కు. రాత సూటిగా, అర్థమయ్యేలా ఉండాలని, పైకి కనిపించే అర్థం కాక లోపల ఇంకో అర్థం చెప్పే సంకేతాలు వాడకూడదని అక్కడి వ్యాపార నియమాల చట్టం 109వ సెక్షన్‌లోనే ఉంది. నిజం రాయాలి, అయితే ఆ మనిషి ముందు దారికి అనవసరంగా అడ్డుపడకుండా రాయాలి అన్నది న్యాయస్థానాల మాట. ఇంత కట్టడి ఉన్నా మనుషులు ఊరుకుంటారా? అప్పగించిన పనులను ఎల్లప్పుడూ మాకు సంపూర్ణమైన సంతృప్తి కలిగేలా చేశారు అని రాస్తే మొదటి తరగతి. ఎల్లప్పుడూ అన్న మాట ఎగిరిపోతే ఒక మెట్టు దిగినట్టు. చేయడానికి ప్రయత్నించారు అని రాశారంటే తప్పినట్టే. దీని మీద ఏళ్లకేళ్లు వ్యాజ్యాలు నడుస్తాయి. 2014లో అక్కడి ఫెడరల్ లేబర్ కోర్టు, సగటు కంటే మంచి మాట కావాలనే ఉద్యోగి తానే దాన్ని రుజువు చేసుకోవాలని చెప్పింది. సగటు కంటే తక్కువ రాస్తే మాత్రం రుజువు చేయవలసింది యజమాని.

ఆ పద్ధతి చాదస్తంగా ఉందని మీరు నవ్వుకోవచ్చు, నాకూ కొంత నవ్వు వస్తుంది. కానీ అక్కడ కాగితం ఉద్యోగి చేతికే వస్తుంది. చదువుకుంటాడు, ఒప్పుకోకపోతే కోర్టుకు వెళతాడు, రాసినవాడు జవాబు చెప్పుకుంటాడు. మీరు ఫోనులో అన్న ‘కానీ’ మీద అప్పీలు చేసుకోవడానికి ఏ కోర్టు ఉంది?

ఊరికే అన్న మాట గాలిలో కలిసిపోతుందని కూడా అనుకోకండి. 2009 ఫిబ్రవరిలో బ్రిటన్ సమాచార కమిషనర్ కార్యాలయం కన్సల్టింగ్ అసోసియేషన్ అనే చిన్న సంస్థపై సోదా చేసింది. నిర్మాణ రంగానికి చెందిన 3,213 మంది మీద రహస్యంగా నడుపుతున్న ఫైళ్లు దొరికాయి. నలభైకి పైగా నిర్మాణ కంపెనీలు దానికి చందాదారులు. ఏడాదికి 3,000 పౌండ్లు చందా, ఒక్కో పేరు గురించి అడిగి తెలుసుకోవడానికి 2.20 పౌండ్లు. యూనియన్‌లో ఉన్నాడని, పనిచోట భద్రత గురించి ప్రశ్నించాడని కూడా రాసిపెట్టుకున్నారు. ఆ సమాచారం ఆకాశం నుంచి ఊడిపడలేదు, కంపెనీల్లోని మేనేజర్లు అందించిందే. తమకు పని ఎందుకు దొరకడం లేదో తెలియక కొందరు ఏళ్ల తరబడి తిరిగారు, ఫైళ్లు బయటపడ్డాకే వాళ్లకు అర్థమైంది. 2010లో ఇలాంటి జాబితాలను నిషేధిస్తూ అక్కడ నిబంధనలు తెచ్చారు. మీ దగ్గర ఫైలు లేదు, నిజమే. ఒకే రంగంలోని పదిమంది మేనేజర్లు ఉన్న ఒక వాట్సాప్ గ్రూపు చాలు, ఫైలు చేసే పని అదే చేసిపెడుతుంది, చందా కూడా అక్కర్లేదు.

ఇక ఏడాదికోసారి జరిగే రెండో గది సంగతి. ఉద్యోగుల ఏడాది పనికి శ్రేణులు ఇచ్చే రేటింగుల సమావేశం. తెర మీద పేర్ల పట్టిక ఉంటుంది. పై శ్రేణికి ఇన్ని, కింది శ్రేణికి ఇన్ని అని ముందే లెక్క వచ్చి ఉంటుంది. మధ్యాహ్నం దాటేసరికి అందరూ గడియారం చూస్తుంటారు. ఒక పేరు దగ్గర మేనేజరు చెప్పడం మొదలుపెడతాడు, గట్టి వాదనే. ఇంతలో టేబుల్‌కు అవతల కూర్చున్న ఇంకో విభాగం పెద్దమనిషి ల్యాప్‌టాప్ నుంచి తల ఎత్తకుండానే అంటాడు: ‘అతనా? నాకు పెద్దగా తెలియదు కానీ, మా వాళ్లు అంత సుముఖంగా లేరు.’ ఎవరు ఆ వాళ్లు, ఎందుకు సుముఖంగా లేరు, ఎప్పుడు ఏం జరిగింది అని ఎవరూ అడగరు. నిప్పు లేనిదే పొగ రాదంటారు కదా. పట్టికలో ఆ పేరు ఒక గడి కిందికి జరుగుతుంది. ఆ మేనేజరు తర్వాత ఆ కుర్రవాడిని పిలిచి, ఇతర విభాగాల్లో నీ గురించి అవగాహన పెంచుకోవాలి అని చెబుతాడు. ఏం చేయాలో పాపం అతనికి అర్థం కాదు, చెప్పినవాడికీ తెలియదు.

ఈ రేటింగులకు కొలత అనే మర్యాద ఎక్కువే అనిపిస్తుంది నాకు. స్కలెన్, మౌంట్, గాఫ్ అనే ముగ్గురు పరిశోధకులు 2000లో ప్రచురించిన అధ్యయనంలో నాలుగు వేల మందికి పైగా మేనేజర్లకు పై అధికారులు, తోటివాళ్లు, కింద పనిచేసేవాళ్లు ఇచ్చిన రేటింగులను పరిశీలించారు. రేటింగుల్లో కనిపించిన తేడాల్లో సగానికి పైగా, రేటింగు ఇచ్చినవాళ్ల సొంత ధోరణి నుంచి వచ్చినవే. ఎవరి పనిని కొలుస్తున్నారో వాళ్ల నుంచి వచ్చినది అంతకంటే చాలా తక్కువ. ధారాళంగా వేసేవాళ్లు, చేయి బిగించేవాళ్లు, తనలాంటివాళ్లకే మార్కులు వేసేవాళ్లు, అందరం ఉంటాం. అలాంటి అంకె ఒక మనిషి వెంట పదేళ్లు తిరుగుతుంది.

పైగా పేరు వచ్చే పనిని, పేరు రాని పనిని పంచేదీ మీరే. సమావేశం నోట్సు రాయడం, కొత్తవాళ్లకు దారి చూపడం, ఎవరో సగంలో వదిలేసిన పనిని సర్దడం. ఇవి లేకపోతే కార్యాలయం నడవదు, ఇవి చేసినందుకు ప్రమోషనూ రాదు. లిండా బాబ్‌కాక్, మరో ముగ్గురు పరిశోధకులు 2017లో ప్రచురించిన ప్రయోగాల్లో ఇలాంటి పనులను చేయమని ఆడవాళ్లనే ఎక్కువగా అడుగుతారని, అడిగితే వాళ్లే ఎక్కువగా ఒప్పుకుంటారని తేలింది. ఏడాదంతా ఇలాంటి పనులు నెత్తిన పెట్టి, చివర్లో నీ పని కంటికి కనిపించడం లేదమ్మా అని చెప్పడానికి కాస్త మొహమాటమైనా ఉండాలి.

టీమ్‌లో కలవడు అన్న ముద్ర గురించి కొంచెం ఎక్కువే చెప్పాలి. ఎందుకంటే ఆ ముద్ర చాలాసార్లు పనిలో నాసిరకం వల్ల పడదు, అడ్డు చెప్పడం వల్ల పడుతుంది. రోజర్ బోయిజోలీ ఛాలెంజర్ అంతరిక్ష నౌకకు రాకెట్ బూస్టర్లు తయారుచేసిన మోర్టన్ థియోకాల్ సంస్థలో ఇంజనీరు. బూస్టర్ అతుకుల్లోని రబ్బరు వలయాలు విఫలమైతే ఘోరప్రమాదం తప్పదని 1985 జూలైలోనే సంస్థలోని పెద్దలకు లేఖ రాశారు. 1986 జనవరి 27 రాత్రి, మర్నాటి చలికి ఆ వలయాలు పనిచేయవేమోనని ఆయనా తోటి ఇంజనీర్లూ ప్రయోగాన్ని ఆపమని వాదించారు. ముందు సంస్థ కూడా వద్దనే చెప్పింది. నాసా ఒత్తిడి తర్వాత యాజమాన్యం విడిగా కూర్చుని మాట మార్చింది. ఆ చర్చలో ఇంజనీరింగ్ ఉపాధ్యక్షుడికి, ఇంజనీరు టోపీ తీసేసి మేనేజరు టోపీ పెట్టుకోమని పై అధికారి చెప్పారు. మర్నాడు నౌక బయలుదేరిన 73 సెకన్లకే బద్దలైంది, ఏడుగురు వ్యోమగాములు ప్రాణాలు కోల్పోయారు.

తర్వాత దర్యాప్తు కమిషన్ ముందు బోయిజోలీ జరిగింది చెప్పారు. అప్పుడు ఆయనకు దక్కింది ఏమిటి? సహోద్యోగులు ముఖం చాటేశారు. ముఖ్యమైన పనుల నుంచి తప్పించారు. ఆరోగ్యం దెబ్బతిని ఆ సంస్థను వదిలేశారు. ప్రయోగానికి ఒప్పుకుంటూ సంతకం చేయడానికి నిరాకరించిన, అదే సంస్థకు చెందిన అలన్ మెక్‌డొనాల్డ్‌నూ పక్కన పెట్టారు. అమెరికా కాంగ్రెస్ సభ్యులు కలగజేసుకున్నాకే ఆయనకు మళ్లీ బాధ్యత దక్కింది, బూస్టర్లను తిరిగి రూపొందించే పనిని ఆయనే నడిపించారు. 1988లో బోయిజోలీకి అమెరికా విజ్ఞానాభివృద్ధి సంఘం స్వేచ్ఛ, బాధ్యతల పురస్కారం ఇచ్చింది. బయటివాళ్లు ఇచ్చారు చూడండి, లోపలివాళ్లు కాదు.

మీ కార్యాలయంలో ప్రాణాలు పోయేంత వ్యవహారం ఉండకపోవచ్చు. గడువు అసాధ్యమని చెప్పిన అమ్మాయి, లెక్కల్లో తేడా ఉందని రెండుసార్లు మెయిల్ పెట్టిన అబ్బాయి మాత్రం ఉంటారు. వాళ్ల గురించి మీరు వాడే మాటలను ఒకసారి గుర్తు తెచ్చుకోండి. ప్రాజెక్టు బోర్లాపడ్డాక వాళ్లు ముందే చెప్పారని ఏ రేటింగులోనైనా రాశారా? నేను చూసినంతవరకు రాయరు. ముందే చెప్పినవాడి ముఖం చూస్తే మన తప్పు గుర్తుకొస్తుంది, అందుకని వాడికి ఇంకాస్త దూరం జరుగుతాం.

సంస్థ పేరు కాపాడండి అని ఉద్యోగులకు చెబుతారు. ఉద్యోగి పేరును సంస్థ కాపాడాలన్నది కూడా కొత్త మాట కాదు. బీసీసీఐ అనే అంతర్జాతీయ బ్యాంకు మోసాలు బయటపడి 1991లో మూతపడింది. ఆ మోసాలతో సంబంధం లేని ఉద్యోగులకు కూడా ఆ బ్యాంకు పేరు చెబితే ఉద్యోగం దొరకలేదు. 1997లో హౌస్ ఆఫ్ లార్డ్స్, యజమాని నిజాయితీ లేకుండా వ్యాపారం నడిపి ఉద్యోగుల భవిష్యత్తుకు మచ్చ తెస్తే నష్టపరిహారం అడగవచ్చని ఒప్పుకుంది. చదవడానికి ఎంతో బాగుంది. తర్వాత పరీక్షగా నడిచిన కేసుల్లో మాత్రం, ఫలానా ఉద్యోగం రాకపోవడానికి కారణం ఆ మచ్చేనని రుజువు చేయలేక ఉద్యోగులు ఓడిపోయారు. ఎలా రుజువు చేస్తారు? ఎందుకు తీసుకోలేదో ఎవరూ కాగితం మీద పెట్టరు కదా.

యువతకు మీరు చెప్పే సలహాల్లో పనికొచ్చేవి ఉన్నాయి, కాదనను. ఫలానా రోజుకు ఇస్తానని చెప్పి ఆ రోజుకు ఇవ్వడం, ఇవ్వలేనని తెలిస్తే ముందు రోజే చెప్పడం. నా అనుభవంలో తెలివితేటల కంటే దీనికే ఎక్కువ విలువ. చేసిన పనిని తేదీలతో సొంతంగా రాసిపెట్టుకోవడం, ఎందుకంటే మేనేజర్లు మారతారు, వాళ్ల జ్ఞాపకాలూ వాళ్లతోనే వెళతాయి. వెళ్లేటప్పుడు పనిని సరిగా అప్పగించడం. పరిచయాల విషయంలోనూ మీరు చెప్పేది నిజమే. సామాజిక శాస్త్రవేత్త మార్క్ గ్రానోవెటర్ 1973లో ప్రచురించిన వ్యాసం ప్రకారం, తెలిసినవాళ్ల ద్వారా ఉద్యోగం వచ్చినవాళ్లను విచారిస్తే, తరచుగా కలిసే మనిషి ద్వారా వచ్చింది నూటికి సుమారు 17 మందికే. మిగతావాళ్లకు ఎప్పుడో ఒకసారి కలిసేవాళ్ల ద్వారా వచ్చింది. దీన్ని చూపించి అందరితో పరిచయం పెంచుకోండి అని మీరు చెబుతారు. దీని రెండో ముఖం చెప్పరు. ఉద్యోగం కబురు మోసుకొచ్చే ఆ అరకొర పరిచయాలే చెడ్డపేరునూ మోస్తాయి. ఒక మనిషిని ఏడాదికి రెండుసార్లు చూసినవాడికి అతని గురించి తెలిసేది ఒక్క వాక్యమే. ఆ వాక్యం మీ నోటి నుంచి వెళ్లిందే అయి ఉండవచ్చు.

అయితే నిజంగా పనికిరాని మనిషి గురించి కూడా నోరు మూసుకోవాలా అని అడుగుతారు. అక్కర్లేదు. డబ్బు కాజేసినవాడి గురించి, తోటివాళ్లను వేధించినవాడి గురించి మౌనంగా ఉండటం ఇంకా పెద్ద అన్యాయం. మంచివాడే అని ఒక ముక్క చెప్పి పక్క సంస్థకు తగిలించేవాళ్లనూ చూశాను, అక్కడ వాడి కింద పనిచేయబోయేవాళ్ల గతి ఏమిటి? నేను అడిగేది మంచి చెప్పమని కాదు. జరిగినదాన్ని చెప్పమని. ఫలానా విచారణ జరిగింది, ఫలానా నిర్ణయం వచ్చింది అని చెప్పండి. మూడు నివేదికలు గడువు దాటి ఇచ్చాడు అని చెప్పండి. అది విన్నవాడు బేరీజు వేసుకుంటాడు, అవసరమైతే ఆ మనిషినే అడుగుతాడు, అతను జవాబిస్తాడు. యాటిట్యూడ్ అన్న మాటకు జవాబు ఉండదు. కోపం తెచ్చుకుంటే అదిగో చూశారా అంటారు, ఊరుకుంటే ఒప్పుకున్నాడంటారు.

మనిషి ముఖం మీద ఎప్పుడూ చెప్పని లోపాన్ని ఇంకో చోట చెప్పకండి. అతని పక్కన కూర్చుని పనిచేయకపోతే, నేను దగ్గర నుంచి చూడలేదు అని చెప్పండి, అది అవమానమేమీ కాదు. చాలాకాలం నాటి సంగతి అయితే ఎప్పటిదో కూడా చెప్పండి, ఇరవై మూడేళ్ల వయసులో నోరు జారినవాడు నలభైలో అదే మనిషి కానక్కర్లేదు. రిఫరెన్సుగా మీ పేరు ఇస్తానని ఎవరైనా వచ్చినప్పుడు, మంచి చెప్పలేనని మీకు తెలిస్తే, అప్పుడే నా పేరు ఇవ్వకండి అనండి. కష్టంగానే ఉంటుంది, కానీ అతను ఇంకొకరిని వెతుక్కుంటాడు. నవ్వుతూ సరేనని, తర్వాత ఫోనులో గొంతు తగ్గించడం కంటే అది నయం.

రేటింగుల సమావేశాలు నడిపేవాళ్లకు నా మనవి చిన్నది. ఎవరైనా ఒక పేరు మీద అభ్యంతరం చెప్పినప్పుడు, ఏం జరిగిందో, ఎప్పుడు జరిగిందో, ఆ ఉద్యోగికి చెప్పారో లేదో అడగండి. మూడింటికీ జవాబు లేకపోతే ఆ అభ్యంతరాన్ని లెక్కలోకి తీసుకోకండి. సమావేశం కొంచెం ఎక్కువసేపు నడుస్తుంది. నడవనివ్వండి. ఆ గదిలో తేలేది ఇంకొకరి జీతం, ఇంకొకరి వచ్చే ఐదేళ్లు.

ఇక ఆ ఫోను. మళ్లీ ఎవరో ఒకరు, అధికారికంగా కాదులెండి, ఊరికే, అంటూ చేస్తారు. ‘మీరు నన్ను అడుగుతున్నట్టు ఆ అభ్యర్థికి తెలుసా’ అని ముందు అడగండి. తెలియదంటే, చెప్పి మళ్లీ చేయమనండి. తెలుసంటే, మెయిల్‌లో రాయగలిగినంతే చెప్పండి. మీ సంస్థల్లో దీన్ని నియమంగా పెట్టడానికి అడ్డేమిటో నాకు తెలియడం లేదు. ఏదైనా ఉంటే దయచేసి రాతపూర్వకంగా తెలపండి.

ఇట్లు,
మీ సమావేశాల్లో చివరి కుర్చీలో కూర్చునే ఒక మేనేజరు